80 మీటర్లకు ప్రీయాంపా, లూపా?

"అన్నా, 80 మీటర్లలో ఒక్కడూ వినపడట్లేదు. సెట్టుకి చెవుడొచ్చినట్టుంది. ప్రీయాంప్ కొనమంటావా?" ఈమధ్య కొత్తగా హామ్ రేడియో లైసెన్స్ వచ్చిన తమ్ముళ్ళు నలుగురు వరసగా ఇదే అడిగారు. 80 మీటర్లంటే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గరి హామ్ బ్యాండ్. ప్రీయాంప్ అంటే సెట్టు ముందు పెట్టి సిగ్నల్ పెంచే బుల్లి పెట్టె, లూప్ అంటే ఇక్కడ వినడానికి మాత్రమే వాడే చుట్ట యాంటెన్నా. కిందటేడు నేనూ ఇలాగే అనుకుని ప్రీయాంప్ ఒకటి కొన్నాను. అది ఇప్పుడు సొరుగులో ఉంది. నా మొగ్గు ఎటో దీన్నిబట్టే తెలిసిపోతుంది కదా, అయినా రెండువైపులా చెప్తాను.

డబ్బు పెట్టేముందు మధ్యాహ్నం పన్నెండింటికి ఒక పని చేయండి. ఏజీసీ (సిగ్నల్‌ని బట్టి సౌండ్‌ని తనంతట తానే సర్దేది) ఆపి, వాల్యూమ్ కదపకుండా, హెడ్‌ఫోన్ జాక్‌కి మల్టీమీటర్ పెట్టండి. ఏసీ మిల్లీవోల్టులు చూపేది కావాలి, చవక పసుపు మీటర్లో ఆ రేంజి ఉండదు. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (దాని చోట తగిలించే, ఏ సిగ్నలూ పట్టని రెసిస్టర్) పెడితే నాకు 6 మిల్లీవోల్టులు చూపించింది. టెర్రస్ మీది ఇన్వర్టెడ్-వీ డైపోల్ (తలకిందుల వీ ఆకారపు తీగ యాంటెన్నా) తగిలించగానే 190కి ఎగిరింది. అంటే 30 డీబీ (డెసిబెల్) తేడా. ఆ 6 సెట్టు సొంత నాయిస్, మిగతాదంతా బయటిది. మధ్యాహ్నమే ఎందుకంటే ఆ వేళ డీ-లేయర్ (పై వాతావరణంలోని అయనోస్ఫియర్ కింది పొర) దూరాల నుంచి వచ్చేదాన్ని మింగేస్తుంది, మిగిలేది చుట్టుపక్కల చెత్త. అప్పుడు కూడా తేడా 10 డీబీ ఉందంటే సెన్సిటివిటీ గురించి బెంగ అక్కర్లేదు. సెట్టు నాయిస్ వల్ల మనం పోగొట్టుకునేది అర డీబీ కూడా ఉండదు.

ఇది మా అపార్ట్‌మెంట్ గొడవే కాదు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) వాళ్ళ పి.372 అనే రేడియో నాయిస్ లెక్క ప్రకారం నివాస ప్రాంతాల్లో 3.6 మెగాహెర్ట్జ్ దగ్గర మనుషులు పుట్టించే నాయిస్, థర్మల్ నాయిస్ (వేడి వల్ల ఎక్కడైనా ఉండే కనీస నాయిస్) కన్నా 57 డీబీ దాకా ఎక్కువ. 500 హెర్ట్జ్ ఫిల్టర్లో అది మైనస్ 90 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలత), సెట్టు సిగ్నల్ మీటరు మీద దాదాపు ఎస్6. నాయిస్ ఫిగర్ (సెట్టు తనంతట తాను కలిపే నాయిస్ లెక్క) 15 డీబీ ఉన్న నాసిరకం సెట్టయినా, దాని సొంత నాయిస్ ఈ బయటి నాయిస్‌కి 40 డీబీ కిందే ఉంటుంది. హైదరాబాదు ఫర్హాన్ గారు రూపొందించిన హామ్ సెట్టు మైక్రోబిట్‌ఎక్స్‌లో మిక్సర్ ముందు ఆర్ఎఫ్ యాంప్లిఫయరే లేదు. అయినా దానితో 80 మీటర్లలో హాయిగా మాట్లాడుతున్నారు.

అలాంటిచోట ప్రీయాంప్ పెట్టడమంటే బరాత్‌లో డీజే పక్కన నిలబడి చెవిటి మిషన్ సౌండ్ పెంచినట్టే. సిగ్నల్‌తోపాటు నాయిసూ అంతే పెరుగుతుంది. దగ్గర్లో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉంటే అది కూడా లోపలికి దూరి లేనిపోని కూతలు పుట్టిస్తుంది. రాత్రిపూట నేను చేసేది దీనికి పూర్తిగా రివర్సు: 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించేది) వేస్తాను. మీటర్ పడిపోతుంది, మాట మాత్రం అంతే స్పష్టంగా ఉంటుంది, చెవికి సుఖం.

ఇక లూప్. మీటరు వ్యాసంతో అల్యూమినియం చుట్ట, అడుగున చిన్న యాంప్లిఫయర్, లిఫ్ట్ రూముకి దూరంగా టెర్రస్ మూల. ఎన్నో ఆశలు పెట్టుకుని కడితే మొదటి రోజు ఏ తేడా లేదు. తిప్పి చూశాను, అటు ఇటు జరిపాను, అదే గుర్రు. చివరికి చుట్టని విప్పేసి దాని చోట బొటనవేలంత తీగచుట్ట పెట్టాను. అప్పుడు నాయిస్ పోవాలి. పోలేదు! అంటే అది లూప్ పట్టింది కాదు. టెర్రస్ నుంచి మా గది దాకా దిగిన కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) పైతొడుగే యాంటెన్నా అయి, ఐదంతస్తుల ఎల్ఈడీలు, చార్జర్లు, రౌటర్ల మురికినంతా పైకి మోసుకెళ్తోంది. ఎఫ్‌టీ240-31 ఫెర్రైట్ రింగు మీద సన్న కోయాక్స్ 14 చుట్లు చుట్టి లూప్ దగ్గర ఒకటి, సెట్టు దగ్గర ఒకటి చోక్‌లా (పైతొడుగు మీద పాకే మురికిని ఆపేలా) పెట్టాను. గుర్రు పోయింది. ఆ తర్వాతే లూప్ తిప్పితే పక్క బిల్డింగు సోలార్ ఇన్వర్టర్ వైపు నల్ (లూప్ దాదాపు ఏమీ పట్టని దిక్కు) దొరికింది.

నన్నడిగితే 80 మీటర్ల లాంటి లో-బ్యాండ్‌లో తేల్చేది ఈ కేబులే. యాంటెన్నా రకం దాని తర్వాత. అసలు ముందు ఆ చోక్‌ని మీ డైపోల్‌కే పెట్టి చూడండి, కొంతమందికి లూప్ అవసరమే పడదు.

లూప్‌లో ఇబ్బందులూ ఉన్నాయి. నల్ ఎదురెదురుగా ఉన్న రెండు దిక్కులకే, మురికి నాలుగు దిక్కుల నుంచీ వస్తే అది ఆదుకోదు. ట్రాన్స్‌మిట్‌కి డైపోల్ ఎలాగూ ఉండాలి, మాట్లాడేటప్పుడు లూప్ యాంప్లిఫయర్ కాలిపోకుండా రిలే పెట్టాలి. వేసవిలో పిడుగుల పటపటలకి ఏ లూపూ మందు కాదు.

మినీ-విప్ (స్తంభం మీద పెట్టే బుల్లి యాక్టివ్ యాంటెన్నా) గురించి కూడా అడుగుతారు. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్‌లో ఎవరైనా వినగలిగే రిసీవర్) దానిమీదే అద్భుతంగా వింటోంది కదా అని. నిజమే, కానీ దాని సగం యాంటెన్నా కింది స్తంభమూ కేబులూ. మన అపార్ట్‌మెంట్ ఎర్తింగ్ సంగతి తెలిసినవాళ్ళు దాని జోలికి పోరు. బెవరేజ్ (నేలకి దగ్గరగా లాగే పొడవాటి తీగ యాంటెన్నా) అంటారా, వంద మీటర్ల మామిడితోట ఉంటే వేసుకోండి.

ప్రీయాంప్ అసలు పనికిరాదని కాదు. నేలమీద పరిచే లూప్ లాంటివి మరీ తక్కువ సిగ్నల్ ఇస్తాయి. అప్పుడు అదే డమ్మీ లోడ్ పరీక్షలో తేడా రెండు మూడు డీబీలే కనిపిస్తుంది. అక్కడ ప్రీయాంప్ న్యాయం. బయటి నాయిస్ తక్కువుండే 10 మీటర్ల బ్యాండ్‌లో కూడా. అందుకే దాన్ని అమ్మకుండా సొరుగులో ఉంచాను.

మొన్న రాత్రి కరెంటు పోయింది. నాయిస్ ఒక్కసారిగా ఎస్2కి పడింది, ఆనందంగా హెడ్‌ఫోన్ సర్దుకున్నానో లేదో ఇళ్ళల్లో ఇన్వర్టర్లు అందుకున్నాయి. డైపోల్‌లో మళ్ళీ ఎస్6. లూప్‌కి మార్చాను, వైజాగ్ హామ్ ఒకాయన గొంతు వినపడుతూనే ఉంది. కాసేపటికి కరెంటు వచ్చింది, లిఫ్ట్ కదిలింది, ఆయన గొంతు మునిగిపోయింది. లిఫ్ట్ ఐదో అంతస్తులో ఆగేదాకా ఇద్దరం ఆగాం.