ఏటీఏ కార్నెట్: అంతా బాగుంది, ఆ లిస్టుతోనే నా గొడవ

కార్నెట్ అంటే ఏంటి, ఎలా అప్లై చేయాలి అన్నవి ఇంటర్నెట్లో బోలెడు దొరుకుతాయి, అవి వదిలేస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, తిరిగి తెచ్చుకునే సామాను విదేశానికి సుంకం కట్టకుండా తీసుకెళ్లడానికి ఇచ్చే కస్టమ్స్ పుస్తకం ఇది. మాది పాలకొల్లు. పెళ్లి మంటపాల డెకరేషన్ మా వ్యాపారం. భీమవరం, తణుకు వైపు చెరువులున్న కుటుంబాలు పిల్లల పెళ్లిళ్లు థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో, హువా హిన్‌లో చేయడం మొదలుపెట్టాక మా సామాను కూడా విమానం ఎక్కింది. అప్పటి నుంచీ ఈ ఆకుపచ్చ అట్ట పుస్తకం వాడుతూనే ఉన్నాను. దీని మీద నాకున్న ఇష్టమూ కోపమూ రెండూ లోపలుండే జనరల్ లిస్టు, అంటే తీసుకెళ్లే వస్తువులన్నీ రాసే పట్టిక గురించే.

ముందు ఇష్టం సంగతి. కార్నెట్ లేని రోజుల్లో మా కుర్రాళ్లు తలో సూట్‌కేసు పట్టుకుని మామూలు ప్రయాణికుల్లా వెళ్లేవారు. థాయ్‌లాండ్‌లో సొంత వాడకం వస్తువులకు 20,000 బాట్ వరకే మినహాయింపు. సూట్‌కేసు తెరిస్తే ఒకే అచ్చులో పోసిన ఇత్తడి కుందులు వరసగా కనిపిస్తుంటే, ఇవి అమ్మకానికా అని అడగరా మరి! ముహూర్తం ముంచుకొస్తుంటే ఆ కౌంటర్ దగ్గర పడిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కార్నెట్ వచ్చాక ఆ బాధ పోయింది. వృత్తి సామగ్రి కింద చూపిస్తాం. పుస్తకంలో విదేశీ కస్టమ్స్ కోసం ఉండే తెల్ల కాగితం మీద స్టాంపు వేసి, తమ ముక్క చింపుకుని పంపించేస్తారు. సుంకం లేదు, అక్కడ నగదు డిపాజిట్ కట్టే పని లేదు. ఏడాది గడువు ఉంటుంది కాబట్టి మాఘమాసంలో తీసుకున్న పుస్తకం మీద శ్రావణంలో కూడా వెళ్లి రావచ్చు.

ఇది పెళ్లి సామాను మొత్తానికి పాస్ అనుకుంటారు చాలామంది, కాదు. తిరిగొచ్చే వస్తువులకే ఇది పనికొస్తుంది. పసుపు, కుంకుమ, తలంబ్రాల బియ్యం, వక్కలు లాంటి ఖర్చైపోయే సరుకు ఇందులో రాయకూడదు. అవి పెళ్లివారి సూట్‌కేసుల్లోనే వెళ్లాలి, ఆ దేశం నిబంధనలు వాళ్లే చూసుకోవాలి. కర్పూరం అయితే నిప్పు అంటుకునే సరుకని విమానంలోకే రానివ్వరు. దుబాయ్‌లో పెళ్లి అన్నవాళ్లకు నేను మొదట చెప్పేది తమలపాకుల గురించి. తాంబూలానికని కట్టలు కట్టుకుని వెళితే అక్కడ నిషేధిత సరుకు కింద లెక్క. గసగసాలు కూడా అంతే, వంటవాళ్ల మసాలా పొట్లాలు కూడా ఓసారి విప్పి చూడండి. థాయ్‌లాండ్‌కి మాత్రం కొబ్బరికాయలూ అరటి పిలకలూ మోసుకెళ్లడం దండగ, మన కోనసీమలో ఉన్నవన్నీ అక్కడా ఉన్నాయి. కడియం నుంచి బంతిపూలు తెప్పిస్తారా అని ఒకాయన పట్టుబట్టాడు. బ్యాంకాక్ పూల బజారు ఫొటోలు చూపించాక ఇంక మాట్లాడలేదు.

ఇక లిస్టు. ప్రతి వస్తువు పేరు, ఎన్ని, బరువెంత, విలువెంత, ఎక్కడ తయారైంది, అన్నీ రాయాలి. పుస్తకం చేతికొచ్చాక అందులో ఒక్క గరిటె కూడా కలపడానికి వీల్లేదు. వెళ్లినవి వెళ్లినట్టు తిరిగి రావాలి. ఓసారి గాజు లాంతరు పగిలితే దాని ఫ్రేమూ పెంకులూ గుడ్డలో మూటకట్టి వెనక్కి తెచ్చాం. పగిలిందని చూపిస్తే ఒప్పుకుంటారు, లేదంటే ఒప్పుకోరు. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. నిజానికి లిస్టు ఉండబట్టే మా గోడౌన్‌లో ఏం ఉందో నాకు మొదటిసారి సరిగ్గా తెలిసింది.

గొడవంతా ఒక బిందె దగ్గర వచ్చింది. భీమవరం వాళ్ల పెళ్లి, ఫుకెట్‌లో. తలంబ్రాలయ్యాక మా ఇత్తడి బిందెలోనే ఉంగరం తీయించారు. పెళ్లికూతురు మూడుసార్లూ తనే తీసింది. వాళ్ల బామ్మగారి ఆనందం చూడాలి! ఆ బిందెకి బొట్టు పెట్టి, ఇది మా పిల్ల దగ్గరే ఉండాలంది. నేను పక్కకి తీసుకెళ్లి మెల్లగా చెప్పాను.

“బామ్మగారూ, అది లిస్టులో ఉందండి. ఇక్కడ వదలకూడదండి.”

“ఇక్కడెవరు వదుల్తారయ్యా? మా ఇంటికి తీసుకెళ్తాం. డబ్బులెంతో చెప్పు.”

డబ్బులు తీసుకుంటే ఇంకా ఇబ్బంది, ఆ దేశంలో అమ్మినట్టవుతుందని వివరించాను. సరేనంది. నేను నమ్మాను, గోదావరి జిల్లాల్లో పెద్దావిడ సరే అంటే ఇంకోసారి అడుగుతామా? రాత్రి కుర్రాళ్లు లెక్కపెట్టి పెట్టెల్లో సర్దేశారు. తెల్లారి బయల్దేరే ముందు ఎవరో పెట్టె తెరిపించి బిందె తీయించి బామ్మగారి సామానులో పెట్టించారు. నేను అప్పటికే ముందు వ్యాన్‌లో వెళ్లిపోయాను.

తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ అధికారి లిస్టు ముందేసుకుని ఒక్కో పెట్టే చూశాడు. వచ్చేటప్పుడు పైపైన చూసినవాళ్లే వెళ్లేటప్పుడు ఇంత జాగ్రత్తగా చూస్తారని తెలిసుండాల్సింది అని మా మేనల్లుడు ఇప్పటికీ అంటాడు. బిందె లేదు. ఫోన్ చేస్తే పెళ్లివారు పడవెక్కి దీవులు చూడ్డానికి వెళ్లారు. అధికారి మంచివాడే. అన్నీ ఆపేయకుండా, ఆ ఒక్క వరస తప్ప మిగతావన్నీ తిరిగి వెళ్తున్నట్టు తెల్ల కాగితం మీద రాసి స్టాంపు వేశాడు. ఇక్కడికొచ్చాక మన కస్టమ్స్ వాళ్ల పసుపు కాగితం మీదా అదే మినహాయింపు పడింది.

రెండు రోజులకి బిందె బామ్మగారితో పాటు భీమవరం చేరింది. వాళ్లింట్లో దేవుడి గది పక్కన కూర్చుంది. కాగితాల ప్రకారం మాత్రం అది ఇంకా థాయ్‌లాండ్‌లోనే ఉంది! అక్కడి కస్టమ్స్ వాళ్లు కార్నెట్ గడువు ముగిశాక కూడా ఏడాది వరకు సుంకం అడగొచ్చు. అడిగితే వస్తువు ఆ దేశం దాటిందని రుజువు చూపడానికి 6 నెలలు ఇస్తారు. సుంకం, పన్నుల మీద అదనంగా 10 శాతానికి మించి వసూలు చేయకూడదు. మన దగ్గర ఈ పుస్తకాలిచ్చి హామీగా నిలబడేది ఫిక్కీ అనే వాణిజ్య, పరిశ్రమల సంఘం. అక్కడ కట్టాల్సింది వాళ్లు కట్టి, మన దగ్గర రాబట్టుకుంటారు.

చెప్పినట్టే చాలా నెలల తర్వాత సుంకం అడుగుతూ కాగితం వచ్చింది. బిందె అడుగున మా షాపు నంబరు ఉంది కాబట్టి, అది ఇక్కడే ఉందని అధికారులతో రాయించుకుని పంపే దారి ఉంది. దానికి తిరిగే ఖర్చుతో ఇంకో రెండు బిందెలు వస్తాయి. సుంకం కట్టేశాం. పెళ్లికూతురి తండ్రి ఒక్క మాట అనకుండా ఇచ్చారు. బామ్మగారు మాత్రం ఏ ఫంక్షన్‌లో కనిపించినా, “నా బిందెకి శిస్తు కట్టించింది ఇతనే” అని పదిమందికీ చూపిస్తుంది.

దీని తర్వాత, పైన నేను పొగిడిన దాంట్లో కొంత తగ్గించుకోవాలి. వెళ్లేటప్పుడు పని త్వరగా అయిపోతుంది అన్నది పగటి విమానాలకే. అర్ధరాత్రి దిగితే స్టాంపు వేసే మనిషి కోసం ఎదురుచూడాలి. వేయించుకోకుండా బయటికి వస్తే మాత్రం బిందెలాంటి కథలు బోలెడు మొదలవుతాయి. పుస్తకం తీసుకునేటప్పుడు ఇక్కడ సెక్యూరిటీ కింద పెట్టిన సొమ్ము కూడా పుస్తకం వెనక్కిచ్చి, లెక్క తేలేవరకు కదలదు. సీజన్ మధ్యలో అది నాలాంటి చిన్న వ్యాపారికి బరువే. సామాను కార్గోలో పంపితే పెట్టెల గోల వేరు. మా వడ్రంగి చేసే మామిడి చెక్క పెట్టెలకు 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచినట్టు ముద్ర ఉండాలి. అందుకే ఇప్పుడు ప్లైవుడ్ పెట్టెలే వాడుతున్నాం, వాటికి ఆ ముద్ర అక్కర్లేదు.

సొంత సామాను ఉండి, మళ్లీ మళ్లీ విదేశీ పెళ్లిళ్లు దొరికే డెకరేషన్ వాళ్లకు, కెమెరా వాళ్లకు ఇది తీసుకోమనే చెప్తాను. మా ఇంట్లో లిస్టు ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా కొట్టే మేనల్లుడు ఉన్నాడు, అది నా అదృష్టం. ఆ పనికి ఏజెంటును పెట్టుకుంటే నా లెక్క వేరేలా ఉండేదేమో. ఒక్క పెళ్లి కోసం అయితే, వెళ్లిన చోటే కుందులూ మంటపం అద్దెకు తీసుకోవడం తేలిక. పల్లకీ, పెళ్లి బుట్ట లాంటివి మనవే కావాలని పట్టుంటే తప్ప ఈ పుస్తకం జోలికి వెళ్లక్కర్లేదు. ఉంగరం బిందె మాత్రం మా కొత్త లిస్టులో లేదు. పెళ్లివారినే తమ బిందె తమ సూట్‌కేసులో తెచ్చుకోమంటున్నాం.