గ్లాక్ 17: నడుముకు కట్టుకుని తిరిగినవాడి మాట

గ్లాక్ 17 పిస్టల్ చేతికి రాగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "ప్లాస్టిక్ గదా, గట్టిగ ఉంటదా?" అని. ఉంటుంది. నల్లగొండ ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో, పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కువగా గన్‌మెన్ డ్యూటీలే చేశాను. ముందు బ్రౌనింగ్ ఇచ్చారు, ఆ తర్వాత రిటైరయ్యేదాకా గ్లాకే. ఫ్రేమ్ (పిడితో కలిసిన ప్లాస్టిక్ కింది భాగం) పగిలిన గ్లాక్‌ను నేనైతే చూడలేదు. నా భయమల్లా బ్రౌనింగ్‌తో అలవాటుపడిన చేతుల మీదే. కొత్తగా పీఎస్‌వో (వ్యక్తిగత భద్రత) డ్యూటీకి వస్తున్న పిల్లలకు ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బ్రౌనింగ్ అంటే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే 9 ఎం.ఎం. పిస్టల్. 1935 నాటి హై పవర్ డిజైన్. మంచి తుపాకీ, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే మొత్తం ఉక్కు. ఖాళీగానే కిలోకు దగ్గర పడుతుంది, మ్యాగజైన్‌లో (రౌండ్లు నింపి పిడిలో పెట్టే డబ్బా) 13 రౌండ్లు పడతాయి. గ్లాక్ 17 మ్యాగజైన్ లేకుండా 625 గ్రాములు. 17 రౌండ్లు నింపి పెట్టినా 900 గ్రాముల పైన కొద్దిగా తూగుతుంది. అంటే నిండు గ్లాక్ ఖాళీ బ్రౌనింగ్ కన్నా తేలిక. చెప్పుకుంటే చిన్న తేడాలాగే ఉంటుంది. చీకటితో బెల్టు బిగించి, సార్ వెంట దేవరకొండ, డిండి, సాగర్ అంతా తిరిగి, అర్ధరాత్రి ఇంటికి చేరి బెల్టు విప్పేటప్పుడు ఆ తేడా ఎంతో నడుముకు తెలుస్తుంది.

ఇక చెమట. ఎండాకాలం మా దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే. సఫారీ చొక్కా లోపల కారిన చెమటంతా తుపాకీ మీదికే దిగుతుంది. బ్రౌనింగ్‌ను ఒకరోజు తుడవకుండా వదిలేస్తే చెమట తగిలిన చోట ఎర్రటి చుక్కలు లేచేవి. గ్లాక్ స్లైడ్ (పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) కూడా ఉక్కే, కానీ దాని పైపొరను గట్టిపరిచే ప్రక్రియ చేసి పంపుతారు. హోల్‌స్టర్‌లో రాసుకుని రాసుకుని నా తుపాకీ మూతి దగ్గర అంచుల నలుపు పోయి తెల్లగా మెరిసింది గానీ, అక్కడ కూడా తుప్పు పట్టలేదు. స్లైడ్‌ను వెనక్కి ఆపి ఉంచే స్లైడ్ స్టాప్ లాంటి చిన్న ముక్కలకు మాత్రం అంత రక్షణ ఉండదు. వాటికి నూనె గుడ్డ తగులుతుండాలి.

నూనె అన్నాను కదా అని పోసేయొద్దు. చెర్వుగట్టు జాతర బందోబస్తుకు పోయినవాళ్లకు దుబ్బ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. బండ్లు, జనం కలిసి లేపిన దుబ్బ చొక్కా గుండీల సందుల్లో కూడా దూరుతుంది. తుపాకీ నూనెలో తేలుతుంటే ఆ దుబ్బంతా అక్కడే అతుక్కుని బురదవుతుంది. స్లైడ్ నడిచే పట్టాల మీద ఒక్కో చుక్క, బ్యారెల్ మీద సన్నటి పూత, ట్రిగ్గర్ నుంచి వెనక్కి పోయే సన్నటి ట్రిగ్గర్ బార్ వెనక కొనకు ఒక చుక్క. ఇంతే చాలు. రౌండును కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ ఉండే గొట్టంలో అసలు వేయకూడదు, అది పొడిగానే ఉండాలి. ఇలా ఉంచితే జాతర నుంచి వచ్చి విప్పినప్పుడు పొడి దుమ్ము బ్రష్‌తో రాలిపోయేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బ్రౌనింగ్‌కు వెనక బయట హ్యామర్, అంటే ఫైరింగ్ పిన్‌ను కొట్టే చిన్న సుత్తి, ఉంటుంది. అది లేచి ఉందా పడుకుని ఉందా అన్నది చీకట్లో బొటనవేలికి కూడా తెలుస్తుంది. పక్కన సేఫ్టీ క్యాచ్ ఉంటుంది. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు. ఈ మూడింటిలో ఒక్కటి కూడా గ్లాక్‌లో లేదు. హ్యామర్ అసలే ఉండదు, బొటనవేలితో వేసే సేఫ్టీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, మ్యాగజైన్ బయటికి తీశాక కూడా చాంబర్‌లో (బ్యారెల్ వెనక రౌండు కూర్చునే చోటు) రౌండు ఉండి ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. "మ్యాగజైన్ తీసిన సార్, ఖాళీనే" అని అమాయకంగా చెప్పే కానిస్టేబుళ్లను ఎంతోమందిని చూశాను. ఆ మాట బ్రౌనింగ్ నేర్పింది. గ్లాక్ దగ్గర ఆ మాట ప్రాణం తీస్తుంది.

దీన్ని విప్పే పద్ధతి కూడా అట్లాంటిదే. ముందు మ్యాగజైన్ తీయాలి. స్లైడ్ వెనక్కి లాగి ఆపి, చాంబర్‌లోకి కళ్లతో చూడాలి, ఆ తర్వాత చిటికెన వేలు పెట్టి తడమాలి. అప్పుడు స్లైడ్ వదిలి, ఇసుక బకెట్ వైపు మూతి పెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. అవును, ట్రిగ్గర్ నొక్కనిదే ఇది విప్పబడదు. నొక్కాక స్లైడ్‌ను చేత్తో చుట్టి పట్టుకుని పైపైన వెనక్కి లాగాలి, రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. రెండు పక్కలా ఉన్న చిన్న చెవులను కిందికి గుంజితే స్లైడ్ ముందుకు జారి వచ్చేస్తుంది. స్లైడ్, బ్యారెల్, స్ప్రింగ్, ఫ్రేమ్ అని నాలుగు ముక్కలు. పని అర నిమిషంలో అయిపోతుంది. అంత సులువు కాబట్టే చూడటం, తడమటం వదిలేసి నేరుగా ట్రిగ్గర్ దగ్గరికి పోతారు.

సేఫ్టీలు అసలే లేవని కాదు. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి నాలుకలాంటిది ఉంటుంది, అది నొక్కుకుంటేనే ట్రిగ్గర్ కదులుతుంది. లోపల ఫైరింగ్ పిన్‌ను అడ్డుకునేది ఒకటి, కిందపడితే పేలకుండా ఆపేది ఇంకొకటి. ఈ మూడూ వేలు ట్రిగ్గర్ నొక్కుతున్నకొద్దీ వరసగా తెరుచుకుంటాయి. కాబట్టి చేయి జారి కింద పడితే భయం లేదు. ట్రిగ్గర్ గార్డ్‌లోకి వేలో గుడ్డో దూరితేనే ప్రమాదం. అందుకే నా లెక్కలో ఈ తుపాకీకి నాలుగో సేఫ్టీ హోల్‌స్టర్.

హోల్‌స్టర్ విషయంలో నాకు నిజంగా కడుపుమంట ఉంది. మొదట్లో నాకిచ్చినది మెత్తటి తోలుది, వేరే తుపాకీకి కుట్టినది. కొంతకాలానికి దాని నోరు వాలిపోయి, తుపాకీ పెట్టేటప్పుడు అంచు మడత లోపలికి దిగేది. ఆ మడత ట్రిగ్గర్ దగ్గరికి పోతే ఏమవుతుందో ఊహించుకోండి. సొంత డబ్బులతో గట్టి అచ్చు హోల్‌స్టర్ కొన్నాను. ట్రిగ్గర్ గార్డ్ మొత్తం కప్పేది, నోరు మూసుకుపోనిది. సివిల్ డ్రెస్‌లో తిరిగేవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి. తుపాకీ పెట్టేటప్పుడు ఎడమ చేత్తో చొక్కా అంచును పైకి ఎత్తి ఛాతీకి అదిమిపట్టి, కిందికి చూసుకుంటూ నిదానంగా పెట్టాలి. తీయడంలో తొందర ఉండొచ్చు గానీ పెట్టడంలో తొందర ఎందుకు?

చాంబర్‌లో రౌండు ఉంచాలా వద్దా అంటే, అది పై ఆఫీసరు ఆర్డరు ప్రకారం నడవాలి. నా అభిప్రాయం అడిగితే, సరైన హోల్‌స్టర్, సరిపడా ప్రాక్టీసు లేనివాళ్లు ఉంచకపోవడమే మేలు.

రేంజ్‌లో దీని గుణం వేరే. ట్రిగ్గర్ బరువు రెండున్నర కిలోల దగ్గర, మొదటి రౌండు నుంచి చివరిదాకా ఒకే తీరు. బ్యారెల్ చేతికి దగ్గరగా, కిందికి ఉండటంతో తన్ను నేరుగా అరచేతిలోకి వస్తుంది, మూతి పెద్దగా ఎగరదు. కుడిచేత్తో కాల్చే కొత్తవాళ్ల దెబ్బలన్నీ టార్గెట్‌లో ఎడమ పక్కకు, కిందికి పడతాయి. "సైట్ తప్పుగ ఉంది సార్" అంటారు. సైట్ బాగానే ఉంటుంది, వాళ్లు ట్రిగ్గర్‌ను గుంజుతున్నారు. పేల్చాక వేలు పూర్తిగా వదలకుండా, చిన్న టిక్కుమనేదాకా మాత్రమే ముందుకు వదిలి మళ్లీ నొక్కమని చెప్పండి. ఒక పూటలోనే టార్గెట్ మీద దెబ్బలు ఒకదానికొకటి దగ్గరగా పడతాయి. రౌండు మిస్‌ఫైర్ అయితే మళ్లీ మళ్లీ ట్రిగ్గర్ నొక్కినా లాభం లేదు, స్లైడ్ లాగితే తప్ప పిన్ మళ్లీ సిద్ధం కాదు. రేంజ్‌లో అయితే కాసేపు మూతి టార్గెట్ వైపే ఉంచి, ఆ తర్వాతే లాగాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సైట్లు ప్లాస్టిక్‌వి. వెనకది తెల్లటి గిన్నె గీత, ముందుది తెల్ల చుక్క. హోల్‌స్టర్‌లో ఏళ్ల తరబడి రాసుకుంటే ముందు సైట్ అంచులు అరిగి గుండ్రమవుతాయి, నాదీ అట్లాగే అయింది. ఇంత మంచి స్లైడ్ మీద అంత నాసిరకం సైట్ పెట్టడం నాకు నచ్చలేదు. పిడి లావు. నా చేతికి సరిపోయింది గానీ, చేతులు చిన్నగా ఉన్న మహిళా కానిస్టేబుళ్లకు వేలు ట్రిగ్గర్‌ను సరిగ్గా అందుకోదు. 2010లో వచ్చిన నాలుగో తరంలో పిడి వెనక తొడుగు మార్చుకునే వీలు పెట్టారు. వాళ్లకు అదే ఇవ్వాలి. మ్యాగజైన్‌లో పదిహేను దాటాక రౌండ్లు ఎక్కించడం కష్టం, లోడర్ లేకపోతే బొటనవేలు వాచిపోతుంది. కారులో కూర్చున్నప్పుడు పిడి సీటు బెల్టు బకిల్‌కు తగులుతుంది. ఎప్పుడూ కారులోనే తిరిగేవాళ్లకు కొంచెం పొట్టిగా, 15 రౌండ్లతో ఉండే గ్లాక్ 19 హాయి.

ఊళ్లో రైస్‌మిల్లు సేట్లు, కాంట్రాక్టర్లు "అన్నా, మాకు కూడ ఇది ఇప్పియ్యరాదే" అని అడుగుతుంటారు. రాదు. 9 ఎం.ఎం. నిషేధిత బోర్ (మామూలు జనానికి ఇవ్వని గొట్టం కొలత), మామూలు లైసెన్సు మీద దొరకదు. లైసెన్సుదారులకు ఎక్కువగా దొరికేది .32 పిస్టలో రివాల్వరో. వాళ్లకు నేను చెప్పేదల్లా మూతి, వేలు, హోల్‌స్టర్ గురించిన జాగ్రత్తే. అది ఏ తుపాకీకైనా వర్తిస్తుంది.

బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (పోలీసు తుపాకులు భద్రపరిచే గది) సంతకం పెట్టి గ్లాక్ తీసుకునేటప్పుడు నంబరు మూడు చోట్ల చూడండి: ఫ్రేమ్ కింద చిన్న ఇనుప పలక మీద, స్లైడ్ మీద, బ్యారెల్ మీద. నాలుగైదు తుపాకులు ఒకే బల్ల మీద విప్పి తుడిచిన రోజున ఒకదాని స్లైడ్ ఇంకొకదానికి ఎక్కిపోతుంది. తుపాకీ పేలుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు, తనిఖీ రోజున బయటపడి మీ మెడకు చుట్టుకుంటుంది. మూడు నంబర్లూ కలవకపోతే రిజిస్టర్‌లో సంతకం పెట్టకండి. ఆర్మరర్ విసుక్కున్నా సరే, అక్కడే నిలబడి మార్పించుకోండి.