కోరీ, ఓటో, బ్రిసిల్‌నోస్: మీ ట్యాంకుకి ఏది మేలు?

షాపుకెళ్లి "అడుగున శుభ్రం చేసే చేప ఒకటివ్వండి" అంటే చాలాచోట్ల రెండంగుళాల సక్కర్ పిల్లను కవర్లో వేసిచ్చేస్తారు. అది అడుగు పొడవు దాటి పెరిగే చేప, ఇంటి ట్యాంకులో పట్టదు. పట్టట్లేదని చెరువులో వదలడం అంతకన్నా తప్పు. అలా బయటపడ్డ సక్కర్లు మన చెరువుల్లో, కాలువల్లో స్థిరపడి జాలర్ల వలలు చింపుతున్నాయి. చిన్నగానే ఉండి, మిగతా చేపల జోలికి పోని క్యాట్‌ఫిష్ కావాలంటే చూడాల్సినవి మూడు: కోరీడోరస్, ఓటోసింక్లస్, బ్రిసిల్‌నోస్. మూడూ దక్షిణ అమెరికావే అయినా పనిలో ఒకదానికొకటి పోలిక లేదు. పెంటను మాత్రం మూడింట్లో ఏదీ తినదు. ఏది వేసినా వారానికోసారి పాతిక శాతం నీళ్లు మార్చాల్సిందే.

రెండడుగుల ట్యాంకుకి, అంటే సుమారు 55 లీటర్లకి, నా ఓటు కోరీకే. ఆరు అంగుళాలు పెరుగుతాయనుకోకండి, ఆరు సెంటీమీటర్లే. గుంపు చేప కాబట్టి ఒకే రకానివి కనీసం ఆరు ఉండాలి. ఒకటో రెండో వేస్తే మూలకు చేరి భయంభయంగా బతుకుతాయి. రకం ఎంచుకునేటప్పుడు మన ఎండల్ని లెక్కలోకి తీసుకోండి. పెప్పర్డ్, పాండా కోరీలు చల్లటి నీటివి, 25 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడతాయి. స్టెర్బై 28 వరకు హాయిగా ఉంటుంది. బ్రాంజ్ ఈ రెంటికీ మధ్యస్థం. మే నెలలో నీళ్లు 30 దాటితే మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీటిని రోజూ నింపుకోవాలి.

కోరీకి అసలు ప్రాణం ఇసుకే. నోటితో ఇసుక తీసుకుని మొప్పల్లోంచి వదులుతూ తిండి ఏరుకుంటుంది. రాళ్లు పిండిచేసి తీసే రోబో శాండ్ అంచులు పదునుగా ఉంటాయి, వద్దు. సన్నటి నది ఇసుకను నీళ్లు తేటబడేదాకా కడిగి 3 సెంటీమీటర్ల మందం పరచండి. ముందు చిటికెడు ఇసుక మీద వెనిగర్ చుక్క వేయండి. బుసబుస పొంగిందంటే గవ్వపొడి ఉన్నట్టు, అది నీటి కాఠిన్యం పెంచుతుంది. మీసాలు అరిగిపోతుంటే గరుకు రాళ్లను మాత్రమే అనుమానించకండి, ఇసుకలో కుళ్లిన తిండి వల్ల కూడా అలా అవుతుంది. అప్పుడప్పుడూ ఒకటి పైకి దూసుకొచ్చి గాలి మింగి వెళ్లడం దాని సహజ గుణం. అన్నీ కలిసి పదేపదే వస్తుంటే మాత్రం ఆక్సిజన్ తగ్గినట్టే. వీటి రెక్కల్లోనూ జెల్లకున్నట్టే ముల్లుంటుంది, వలలో చిక్కుకుంటుంది. గిన్నెతో పట్టడం మేలు.

నాచు మాత్రం కోరీ ముట్టదు. ఆకుల మీద గోధుమరంగు పొర, మెత్తటి పచ్చ నాచు పోవాలంటే ఓటోనే సరైనది. నాలుగు సెంటీమీటర్ల చేప, మొక్కకు ఏ హానీ చెయ్యదు. కానీ కొత్త ట్యాంకులో వెయ్యకండి. అమ్మకానికొచ్చే ఓటోలు ఎక్కువగా నదుల్లో పట్టినవే. దారిలో తిండిలేక కడుపు లోపలికి పోయి ఉంటాయి. మొదటి రెండు మూడు వారాల్లోనే చాలా చచ్చిపోతాయి. షాపులో అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట చూడండి. గుండ్రంగా ఉంటేనే తీసుకోండి. ట్యాంకు కనీసం మూడు నెలల పాతదై, నీటి పరీక్షలో చేపలకి విషమైన అమోనియా, నైట్రైట్ సున్నా చూపించాలి. తెచ్చే వారం ముందు నాలుగు గులకరాళ్లను గాజు గిన్నెలో ట్యాంకు నీళ్లు పోసి ఎండలో పెట్టండి. వాటి మీద పట్టిన పచ్చదనం ఓటోలకి మొదటి భోజనం. నాచు అయిపోయాక కీరదోస ముక్క వేడినీళ్లలో రెండు నిమిషాలుంచి వెయ్యాలి. కాఠిన్యం ఎక్కువున్న బోరు నీళ్లు తప్ప వేరే దారి లేనివాళ్లు ఓటో జోలికి పోకపోవడమే మంచిది.

ఆ బోరు నీటికి మెరుగ్గా తట్టుకునేది, ట్యాంకుల్లోనే పుట్టి పెరిగిన బ్రిసిల్‌నోస్. 12 సెంటీమీటర్ల దాకా వస్తుంది, 100 లీటర్లకి ఒకటి చాలు. రెండు మగవి ఉంటే గూటి కోసం కొట్టుకుంటాయి. గీరుకోవడానికి డ్రిఫ్ట్‌వుడ్ దుంగ పెట్టండి. పెంట విపరీతం, ఫిల్టర్ గట్టిది కావాలి. సక్కర్ పిల్లను బ్రిసిల్‌నోస్ అని అంటగడతారు, వీపు రెక్క విప్పినప్పుడు పుల్లలు లెక్కపెట్టండి. బ్రిసిల్‌నోస్‌కి ఏడెనిమిది, సక్కర్‌కి పది, ఆపైన.

రెండడుగుల ట్యాంకులో ముందు ఆరు కోరీలు, నాచు నిలదొక్కుకున్నాక నాలుగు ఓటోలు కలపొచ్చు. మునిగే గుళికలు లైటు ఆర్పాక వెయ్యండి, లేకపోతే పైన తిరిగే చేపలే తినేస్తాయి. పొద్దున్నే అడుగున మిగిలి కనిపిస్తే మర్నాటికి సగం తగ్గించండి.