వకీలు పనిలో ఏఐ: రెండేళ్లకు పైగా వాడిన అనుభవం

నేను హైదరాబాద్‌లో వకీలును. నాంపల్లి క్రిమినల్ కోర్టులు, పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు, రోజూ వీటి మధ్యే తిరుగుతాను. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉన్నాను కాబట్టి ఉచిత కేసులు చూస్తాను, సర్కారు బడులకు వెళ్లి పిల్లలకు చట్టాల గురించి క్లాసులు చెబుతాను. ఈ పనులన్నిటికీ రెండేళ్లకు పైగా ఏఐ చాట్ యాప్‌లు వాడుతున్నాను. మొదట ఉచితంగా దొరికేవి, తర్వాత నెలనెలా డబ్బు కట్టేది. పేర్లు రాయడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ అన్నిట్లోనూ దాదాపు ఒకేలా కనిపించాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గరున్న కాగితాలను చదివించి, వరుసలో పెట్టించుకోవడానికి ఇది చాలా బాగుంది. చట్టం ఏం చెబుతోందని దాన్ని అడిగి, ఆ జవాబును నమ్మి అడుగు వేస్తే మాత్రం కొంప మునుగుతుంది.

మంచి నుంచే మొదలుపెడతాను. ఒక కొట్లాట కేసులో చార్జిషీటు కట్ట పెద్దది. సాక్షుల స్టేట్‌మెంట్లు, పంచనామాలు, వూండ్ సర్టిఫికెట్లు అన్నీ కలిసి ఉన్నాయి. టైపు చేసిన పేజీలన్నీ ఎక్కించి, ఎవరు ఏ తేదీన, ఏ టైముకు, ఎక్కడ ఉన్నట్టు రాసి ఉందో పేజీ నంబర్లతో పట్టిక వేయమన్నాను. గొడవ జరిగిన చోట రాత్రి తొమ్మిదిన్నరకు ఉన్నానని చెప్పిన సాక్షే, అదే టైముకు వేరే బస్తీలో జరిగిన స్వాధీన పంచనామా మీద సంతకం పెట్టినట్టు ఆ పట్టికలో పక్కపక్కనే కనిపించింది. అసలు పేజీలు తీసి చూసుకున్నాను, నిజమే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నా మొదటి ప్రశ్న అదే అయింది. ఇది మనిషి చేయలేని పనేం కాదు. కానీ సాయంత్రం ఏడు దాటాక, మర్నాటికి నాలుగు కేసులు ఉన్నప్పుడు, పేద కక్షిదారు కేసుకు అంత టైము పెట్టే వకీలు దొరకడం కష్టం. ఆ లోటును ఇది కొంత తీరుస్తోంది. అందుకే నాకు దీని మీద ఇష్టం ఉంది.

చేతిరాత దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. స్టేషన్లో హడావుడిగా రాసిన తెలుగు కాగితాన్ని ఫోటో తీసి ఇస్తే, అర్థం కాని చోట అర్థం కాలేదని చెప్పదు. అక్కడ ఏది ఉంటే వాక్యం కుదురుతుందో అది తనే రాసేస్తుంది. క్రిమినల్ కేసులో ఇంతకంటే ప్రమాదం ఇంకేముంటుంది?

ఇక సెక్షన్ల సంగతి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. మోసం కేసుల్లో పెట్టే పాత ఐపీసీ 420 ఇప్పుడు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318(4). ఇలాంటివి యాప్ బాగానే చెబుతుంది. చిక్కంతా ఒకే నంబరు రెండు చోట్లా ఉన్నప్పుడు. పాత సీఆర్పీసీలో ముందస్తు బెయిల్ 438, ఎఫ్ఐఆర్ కొట్టేయడం లాంటివాటికి హైకోర్టుకు ఉండే స్వతఃసిద్ధ అధికారాలు 482. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో (భారతీయ నాగరిక సురక్షా సంహిత) ముందస్తు బెయిలే 482 అయింది, ఆ అధికారాలు 528కి వెళ్లాయి. ముందస్తు బెయిల్ పిటిషన్ డ్రాఫ్టు రాయమంటే పైన 482 బీఎన్ఎస్ఎస్ అని సరిగ్గానే పెట్టింది. లోపలికి వెళ్తే ఎఫ్ఐఆర్ కొట్టేయాలని వాదిస్తోంది! అది నేర్చుకున్న దశాబ్దాల తీర్పుల్లో 482 అంటే ఎఫ్ఐఆర్ కొట్టివేత పిటిషన్లే మరి. కొత్తగా ఎన్‌రోల్ అయిన జూనియర్ దాన్ని అలాగే ఫైల్ చేస్తే నష్టపోయేది అరెస్టు భయంతో ఇంట్లో ఉండలేక తిరుగుతున్న మనిషి.

తీర్పుల సైటేషన్లు, అంటే ఏ తీర్పు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తులు, అంతకంటే ఘోరం. ఒక స్థలం కేసులో మనకు అనుకూలంగా ఉన్న తీర్పులు అడిగితే ఏఎల్‌డీ (తీర్పులు అచ్చేసే ఆంధ్రా లీగల్ డెసిషన్స్) సైటేషన్ ఇచ్చింది. సంవత్సరం, వాల్యూమ్, పేజీ, పార్టీల పేర్లు, చివరికి జడ్జిగారు అన్నట్టుగా కోట్‌లో ఒక వాక్యం కూడా. బార్ లైబ్రరీలో ఆ వాల్యూమ్ తీసి చూస్తే ఆ పేజీలో ఉన్నది వేరే కేసు. ఆ పేర్లతో తీర్పు ఎక్కడా లేదు. ఈ జబ్బు నాకు మాత్రమే ఎదురైంది కాదు. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన కేసులో చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టులో పెట్టిన వకీళ్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. 2024 డిసెంబరులో బెంగళూరు ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఆర్డరులోనే లేని తీర్పులు కనిపించి, ఆ ఆర్డరును వెనక్కి తీసుకున్నారు. అందుకని సుప్రీంకోర్టు తీర్పు కావాలంటే సుప్రీంకోర్టే ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచిన తీర్పుల సంపుటి ఈ-ఎస్‌సీఆర్ నుంచే తీసుకుంటాను. ఆ తీర్పు మొత్తం యాప్‌కు ఇచ్చి, ఫలానా అంశం ఏ పేరాలో ఉందో చూపించమంటాను. అలా అడిగితే బాగా చేస్తుంది.

వకీళ్లం మేము సరిచూసుకోగలం. నా బాధంతా సరిచూసుకునే వీలు లేనివాళ్ల గురించి. ఒక కిరాణా షాపాయన చెక్కు బౌన్స్ అయిందని నా దగ్గరికి వచ్చాడు. బ్యాంకు మెమో వచ్చి నెల దాటిపోయింది. ఇంతకాలం ఎందుకు ఆగావంటే, "ఫోన్ల అడిగిన సార్, మూడేండ్లు టైముందని చెప్పింది" అన్నాడు. ఫోన్ తీసి చూపించాడు కూడా. మూడేళ్లన్నది అబద్ధం కాదు, డబ్బు వసూలుకు సివిల్ దావా వేయడానికి అంత గడువుంది. కానీ చెక్కు బౌన్స్‌కు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు వేయాలంటే బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో అవతలి మనిషి కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కంప్లైంట్ వేయాలి. ఆయన అడిగింది ఒకటి, యాప్ చెప్పింది ఇంకొకటి, రెండిటికీ తేడా ఉందని ఆయనకు తెలిసే దారే లేదు. చెక్కు దాని మీదున్న తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది, అదృష్టం కొద్దీ అవి ఇంకా నిండలేదు. మళ్లీ బ్యాంకులో వేయించి, మళ్లీ బౌన్స్ అయ్యాక గడువులో నోటీసు ఇచ్చాం. అలా చేయొచ్చని సుప్రీంకోర్టు ఎంఎస్ఆర్ లెదర్స్ కేసులో తేల్చింది. ఇంకో రెండు వారాలు ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ దారి మూసుకుపోయేది.

కోర్టులు కూడా ఏఐ వాడుతున్నాయి. తీర్పుల అనువాదానికి సుప్రీంకోర్టు 2019 నుంచి సువాస్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతోంది. 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం వాదనలను ఏఐతో అక్షరాల్లో పెట్టించడం మొదలైంది. ఇవి నాకు సమ్మతమే. కేరళ హైకోర్టు 2025 జూలైలో కింది కోర్టులకు ఇచ్చిన విధానం ఇంకా నచ్చింది. నిర్ధారణకు రావడానికి గానీ, తీర్పు ఇవ్వడానికి గానీ ఏఐ వాడకూడదని అందులో తేల్చి చెప్పారు. మన ట్రయల్ కోర్టుల్లో సాక్ష్యం రికార్డు చేయడానికి ఇది రావాలని నాకూ ఉంది, కానీ హైదరాబాద్ సాక్షి మాట దీనికి ఇంకా అందడం లేదు. కక్షిదారు ఒప్పుకుంటేనే మా ఆఫీసులో మాటలు రికార్డు చేసి ప్రయత్నించాను. తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో ఉర్దూలోకి వెళ్లి, మళ్లీ తెలుగులోకి వచ్చే మనిషి మాటల్లో ‘చూడలేదు’ అన్నది ‘చూశాను’ అయిపోయింది. సాక్ష్యంలో ఆ ఒక్క ముక్క చాలు, ఒక మనిషి జైలుకు పోవడానికి.

పేర్ల విషయం కూడా చెప్పాలి. కక్షిదారు చెప్పింది బయటపెట్టకపోవడం మా బాధ్యత, కొత్త సాక్ష్య చట్టంలో అది సెక్షన్ 132. కాబట్టి ఏ కాగితమైనా పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు తీసేసి, నిందితుడిని ఏ-1, సాక్షిని ఎల్‌డబ్ల్యూ-2 అని ఇలా మార్చాకే ఎక్కిస్తాను. పోక్సో కేసుల కాగితాలైతే అసలు ఎక్కించను.

బడి సంగతికి వస్తే, నేను వెళ్లే సర్కారు హైస్కూల్లో టీచర్లు కూడా దీన్ని వాడుతున్నారు. ఇంగ్లీషు మీడియం వచ్చాక పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటున్నాయి. అయినా పిల్లలకు పాఠం కొరుకుడు పడటం లేదని, సోషల్ మేడమ్ పేరాలను చిన్నచిన్న వాక్యాలుగా విడగొట్టించి చెబుతున్నారు. అది ఇచ్చే తెలుగు మరీ పుస్తకంలా ఉంటుంది కాబట్టి ఆమె మళ్లీ పిల్లల మాటలోకి మారుస్తారు. మార్కులు వేయించి కూడా చూశారట. అదే పేపరు రెండోసారి ఇస్తే మార్కులు మారాయి. ఆమె అక్కడితో మానేశారు, మంచి పని చేశారు.

నేను 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం మీద తొమ్మిదో తరగతికి క్లాసు చెప్పడానికి, ఆ చట్టంలోని సెక్షన్లన్నీ యాప్‌కు ఇచ్చి చిన్న కథ, దాని మీద ప్రశ్నలు రాయించాను. పిల్లలు వాదులాడుకున్నారు, క్లాసు గంట దాటింది. అయిపోయాక ఒక అమ్మాయి ఆగి, "సార్, మా చుట్టాల పిల్లకు పదహారేండ్లే, పెండ్లి కుదిరింది. ఎవరికి చెప్పాలె?" అని అడిగింది. తర్వాత అదే ప్రశ్న ఆమె మాటల్లోనే యాప్‌ను అడిగి చూశాను. పిల్లల హెల్ప్‌లైన్ 1098, పోలీసులు, పెళ్లి ఆపమని మేజిస్ట్రేట్ ఇచ్చే ఉత్తర్వు, అన్నీ సరిగ్గానే చెప్పింది. ఆ పిల్లనే పేరు, చిరునామాతో ఫిర్యాదు రాయమని కూడా చెప్పింది. రేపు ఇంట్లో తెలిస్తే ఆ పిల్ల గతేంటన్న ఆలోచన అందులో లేదు. సంగతి తెలిసిన వాళ్లెవరైనా ఫిర్యాదు చేయొచ్చని సెక్షన్ 13లోనే ఉంది. అందుకే ఆ పిల్ల పేరు రాకుండా సోషల్ మేడమ్ తన పేరుతోనే 1098కి ఫోన్ చేశారు.

నేను చందా కడుతూనే ఉంటాను. మా ఆఫీసులో జూనియర్లకు ఒకటే షరతు పెట్టాను: సెక్షన్ అయితే చట్టం పుస్తకం పేజీ, తీర్పు అయితే దాని పూర్తి కాపీ, డ్రాఫ్టుతో పాటు నా టేబుల్ మీదికి రావాలి. వకీలు లేకుండా ఫోన్‌లో సలహా అడుగుతున్నవాళ్లు ఆ జవాబును పట్టుకుని ఏదైనా చేసే ముందు 15100కి ఫోన్ చేయండి. అది న్యాయ సేవల హెల్ప్‌లైన్. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. వెళ్లేటప్పుడు యాప్ ఇచ్చిన జవాబుతో పాటు నోటీసు, బ్యాంకు మెమో, సమన్లు, ఏవి ఉంటే అవి ఒరిజినల్స్ తీసుకెళ్లండి. గడువు ఎప్పటిదాకా ఉందో తేలేది వాటి మీదున్న తేదీలను బట్టే.