ఎనిమిది నెలలు వాడిన హీటింగ్ ప్యాడ్, నా ఫైబ్రోమయాల్జియా, ఒక గోడ క్యాలెండర్

ఈ హీటింగ్ ప్యాడ్ కొన్నది నవంబరులో, రివ్యూ రాస్తున్నది జులైలో. కావాలనే ఆగాను. కొనే ముందు నేను చదివిన రివ్యూల్లో చాలావరకు రెండో రోజో మూడో రోజో రాసినవే, "సూపర్, నొప్పి మాయం" అని. నడుం పట్టేసినవాళ్ళకి అది నిజమే అయ్యుండొచ్చు. ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్ళంతా నొప్పులూ అలసటా వదలకుండా ఉండే జబ్బు, ఉన్నవాళ్ళకి మాత్రం మొదటి వారం రివ్యూ దేనికీ పనికిరాదు. అసలు మనం ఇలాంటివి ఎప్పుడు కొంటాం? నొప్పి తారస్థాయికి వెళ్ళినప్పుడు, రాత్రి రెండింటికి, నిద్ర పట్టక ఫోన్ పట్టుకుని. వస్తువు ఇంటికి చేరేసరికి నొప్పి ఎలాగూ తనంతట తనే కాస్త దిగుతుంది, ఆ మంచిపేరు వస్తువుకి పోతుంది. ఇలా నేను ఒక మెడ దిండు, రెండు రకాల నూనెలు, ఒక మాగ్నెట్ బెల్టు, కాళ్ళ మసాజర్ కొన్నాను. అన్నీ మొదటి వారం అద్భుతంగా పనిచేశాయి. ఇప్పుడు మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి.

అందుకే ఈసారి ప్యాడ్ వచ్చిన రోజు నుంచి వంటింట్లో తిథులూ వర్జ్యాలూ ఉండే గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. మంచి రోజుకి సున్నా, మధ్యరకానికి గీత, మంచం దిగలేని రోజుకి ఇంటూ. అంతకంటే ఎక్కువ రాసే ఓపిక ఇంటూ రోజున ఎవరికీ ఉండదు, యాప్‌లూ గీప్‌లూ అన్నీ అక్కడే ఆగిపోయాయి నాకు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ మీకు సరిపోతుందో లేదో తెలీదు. వయసు 41, హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీలో ఉంటాం, అమీర్‌పేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మెట్రోలో ఎనిమిదో స్టేషన్, సీటు దొరకని రోజు నిలబడే. జబ్బు పేరు తెలియడానికే రెండేళ్ళు పట్టింది. ఎముకల డాక్టరు దగ్గర మొదలై థైరాయిడ్, విటమిన్ డి, మెడకి ఎంఆర్ఐ, అన్నీ అయ్యాక రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు) దగ్గర తేలింది. రక్త పరీక్షలో గానీ స్కానింగులో గానీ కనపడే జబ్బు కాదిది. మొదట్లో, అంటే 1990 నాటి పద్ధతిలో, ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి 11 చోట్ల నొప్పి ఉంటే ఇదీ అనేవాళ్ళట. 2010 తర్వాత నొప్పి ఎన్ని భాగాల్లో ఉంది, నిద్ర ఎలా ఉంది, అలసట, మతిమరుపు ఎంత అని అడిగి తేలుస్తున్నారు. మూడు నెలలకు పైగా సాగాలి. నావి రెండేళ్ళు, ఆ పరీక్షలో మాత్రం ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాను.

మా అపార్ట్‌మెంట్ లిఫ్టుకి ఒక రోగం ఉంది. ఇద్దరే ఎక్కినా ఓవర్‌లోడ్ అని కుయ్యిమంటుంది. మెకానిక్ వచ్చి తాళ్ళూ మోటారూ అన్నీ బాగానే ఉన్నాయి, సెన్సరే తేడా అన్నాడు. నా డాక్టరు చెప్పింది కూడా అదే మాట, కండరాలకి దెబ్బ ఏమీ లేదు, నొప్పిని కొలిచే నరాల వ్యవస్థే చిన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తోందని. అలాంటప్పుడు కండరం మీద కాపడం పెడితే ఏంటి లాభం అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. వేడికి బిగుసుకున్న కండరం వదులవుతుంది, హాయి కూడా ఒక కబురే, అదీ నరాల మీదుగానే వెళ్తుంది అన్నారు. జబ్బు మీద పనిచేయదు, ఆ గంట మీద పనిచేస్తుంది.

ఇక వస్తువు. ఇది బెల్టు రకం, నడుముకి చుట్టి వెల్క్రోతో అంటించుకోవచ్చు, విప్పి భుజాల మీద పరుచుకోవచ్చు. 1,150 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయను, ఈ ధరలో నేను చూసినవన్నీ దాదాపు ఒకే పోలిక. మూడు వేడి స్థాయిలు, తొంభై నిమిషాలకి దానంతటదే ఆగిపోతుంది. వెనక 60 వాట్లు అని రాసుంది. నేను పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు పెడతాను, లెక్కేస్తే నెలకి ఒకటింపావు యూనిట్ కూడా కాలదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కూడా నడుస్తుంది, వానాకాలంలో ఇది చిన్న విషయం కాదు, ముసురు పట్టిన రోజే కరెంటూ పోతుంది, నా ఒళ్ళూ పోతుంది. (నొప్పులు తిరగబెడితే మా ఇంట్లో అనే మాట కూడా "ముసురు" అనే. "ఏంది బిడ్డా, మల్ల ముసురా?" అని మా అత్తమ్మ పొద్దున్నే నా మొహం చూసి అడుగుతుంది.)

వైరు పొట్టి. ఎంత పొట్టి అంటే మా బెడ్‌రూములో స్విచ్ బోర్డు తలుపు పక్కన ఉంది, మంచం కిటికీ పక్కన ఉంది, ప్యాడ్ మధ్యలో వేలాడుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొనాల్సొచ్చింది, రాత్రి దాని వైరు తట్టుకుని మా ఆయన పడబోయాడు. ఈ బాపతు తయారు చేసేవాళ్ళలో ఒక్కరైనా నొప్పితో మంచం మీద పడుకుని చూశారా అని నా డౌటు. కంట్రోలర్ మీద బటన్లు కూడా ఒకేలా ఉంటాయి, చీకట్లో తడిమితే తెలీదు.

దీనికంటే ముందు నేను వాడినవి చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇంట్లో అవే ఉంటాయి. రబ్బరు వేడినీళ్ళ బ్యాగు చవక, కానీ నీళ్ళు కాచాలి, పోయాలి, మూత బిగించాలి. ఇంటూ రోజున నా వేళ్ళు చపాతీ పిండి డబ్బా మూత కూడా తీయలేవు, మరిగే నీళ్ళు పొయ్యమంటే ప్రమాదమే. కోఠిలో సర్జికల్ షాపులో కొన్న ఎలక్ట్రిక్ జెల్ బ్యాగు ఒకటి ఉండేది, వేడి బాగా నిలిచేది గానీ బరువు, పైగా ఉబ్బినట్టు అయ్యేసరికి భయమేసి తీసేశాను. అత్తమ్మది ఉప్పు మూట. కళ్ళుప్పు పెనం మీద వేయించి పాత నూలు గుడ్డలో కట్టి కాపడం పెడుతుంది, ఆ పొడి వేడి ఏ ప్యాడూ ఇవ్వలేదు, నిజం. వావిలాకు నీళ్ళ స్నానమూ అంతే. కానీ వాటికి పొయ్యి దగ్గర ఇంకో మనిషి నిలబడాలి, అత్తమ్మకి 72 ఏళ్ళు. ప్యాడ్ గొప్పతనం అంతా ఇక్కడే ఉంది, ఎవర్నీ లేపక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, పనిచేసిందా?

దీనికి సమాధానం నాకు అనుకోకుండా దొరికింది. మార్చి మొదట్లో కంట్రోలర్ చచ్చిపోయింది. లైటు వెలుగుతుంది, వేడి రాదు. వారంటీ ఉంది, ఫోన్ చేస్తే "మేడమ్, మీ రిక్వెస్ట్ రిజిస్టర్ అయింది" అని అయిదుసార్లు అయిదుగురు చెప్పారు, ఒకావిడైతే ప్లగ్గు సరిగా పెట్టారా అని. కొత్తది వచ్చేసరికి 19 రోజులు. అది కూడా మార్చి నెల, అకౌంట్స్ వాళ్ళకి మార్చి అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు, అసలే బుర్ర మసకగా ఉండి ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు ఎంటర్ చేసిన నెల.

ఆ 19 రోజుల్లో ఇంటూలు అయిదు. అంతకుముందు ప్యాడ్ ఉన్న నాలుగు నెలల్లో నెలకి ఏడెనిమిది. లెక్క ఇంచుమించు అదే కదా. ప్యాడ్ ఉన్నా లేకపోయినా చెడ్డ రోజులు వచ్చినన్ని వచ్చాయి, ఒక్కటీ తగ్గలేదు. నిజంగా నిరుత్సాహపడ్డాను, అరగంట క్యాలెండర్ ముందే నిలబడి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను.

కానీ గీత రోజుల్లో తేడా ఉంది. ప్యాడ్ ఉన్నప్పుడు ఇరవై నిమిషాల కాపడం తర్వాత మెడ తిరిగేది, వేళ్ళు ముడుచుకునేవి, కిందికి దిగి కాలనీలో పది నిమిషాలు నడిచి వచ్చేదాన్ని. అది లేని ఆ 19 రోజుల్లో నడిచింది నాలుగే రోజులు. ఒళ్ళు వదులయ్యేసరికే మెట్రోకి టైమ్ అయిపోయేది. ఆ నడక ఎందుకంత ముఖ్యం అంటే, ఈ జబ్బుకి 2017లో యూరప్ రుమటాలజీ డాక్టర్లు ఇచ్చిన సూచనల్లో గట్టిగా చెయ్యమని చెప్పింది ఒక్క వ్యాయామమే, మందులన్నిటి గురించీ మెత్తగానే చెప్పారు. నా డాక్టరు కూడా మాత్రలు సగం పని, నడక సగం పని అంటారు. ఒళ్ళంతా కర్రలా ఉన్నప్పుడు నడవమంటే కోపం వస్తుంది, అది వేరే సంగతి. ప్యాడ్ ఆ కోపానికీ చెప్పులకీ మధ్య ఉన్న ఇరవై నిమిషాలు. ఇంటూ రోజున దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ రోజు వేడి తగిలినా చర్మం చురుక్కుమంటుంది, దుప్పటి బరువే బరువు, దాన్ని తీసి అవతల పారేసి పడుకుంటాను.

సున్నా రోజున ఇంకో రకం గొడవ. సంక్రాంతికి ముందు వరసగా మూడు సున్నాలు పడ్డాయి, ఆ ఊపులో సకినాలకి కూర్చున్నాను, నేల మీద మూడు గంటలు, మధ్యమధ్యలో నడుముకి ప్యాడ్ చుట్టుకుని. హాయిగానే ఉంది. భోగి రోజు నుంచి నాలుగు ఇంటూలు. వేడి నొప్పిని కప్పి ఉంచింది, నేను ఆగాల్సిన చోట ఆగలేదు. అందుకే పని చేస్తూ చుట్టుకోవడం మానేశాను, పెట్టుకుంటే పడుకునో కూర్చునో ఉండాలి, అంతే.

అత్తమ్మకి మొదటి నుంచీ అనుమానం, అమావాస్యకి ఎక్కువవుతుందని. క్యాలెండర్ చేతిలో ఉంది కాబట్టి ఇద్దరం కూర్చుని నాలుగు నెలలు చూశాం, అమావాస్యకీ పౌర్ణమికీ ఏ సంబంధమూ లేదు. ఆవిడ ఒప్పుకుంది గానీ క్యాలెండర్ మీద నుంచి వేలు మాత్రం తీయలేదు. "అమాస సంగతి ఇడిసిపెట్టు, ప్రతి ఇంటూకి ముందుగాల సున్నా ఉంది సూడు" అంది. ఉంది. ప్రతిదానికీ కాదు గానీ చాలావాటికి ఉంది, బాగుందని ఇల్లంతా దులిపిన రోజు, బట్టల కోసం ప్యారడైజ్ దాకా వెళ్ళి అంతా తిరిగిన రోజు. డాక్టరు రెండేళ్ళుగా చెప్తున్నదే, బాగున్న రోజు కూడా కొలిచే చెయ్యమని, కానీ చదువుకోని మా అత్తమ్మ వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు ఎక్కలేదు. మొన్న బోనాలకి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఒక్క కూర చేసి కుర్చీలో కూర్చున్నాను, మా వదిన ఏమనుకుంటుందో అని ఆవిడ మొహం వైపు చూడలేదు.

వాడేవాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాల్సినవి. ఫిబ్రవరిలో మా అమ్మాయి జడ వేస్తూ "అమ్మా, నీ నడుం మీద ఏంటి వల గీసినట్టు ఉంది?" అంది. ఎర్రగా, గోధుమ రంగుగా, చేపల వల లాగా మచ్చలు. రోజూ అదే చోట ఎక్కువ వేడి తగిలితే ఇలా వస్తుందట. నేను మూడో స్థాయిలో గంట గంట పెట్టేదాన్ని అప్పట్లో. స్థాయి తగ్గించి, ఇరవై నిమిషాలకి కుదించి, మధ్యలో పల్చటి టవల్ వేసుకుంటే రెండు నెలల్లో మెల్లగా పోయాయి, పట్టించుకోకపోతే ఉండిపోయేవట. ఇంకొకటి, రాత్రి వేసుకునే మాత్రలు. ప్రీగాబలిన్ గానీ అమిట్రిప్టిలిన్ గానీ వాడేవాళ్ళకి తెలుసు ఆ మత్తు ఎలా ఉంటుందో. మాత్ర వేసుకుని ప్యాడ్ పెట్టుకుని నిద్రపోతే చర్మం కాలుతున్నా తెలీదు. ముందు ప్యాడ్, అది తీసి పక్కన పెట్టాక మాత్ర, నా వరస ఇది. బామ్ రాసుకుని దాని మీద పెట్టొద్దు, బొబ్బలెక్కుతుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఎండాకాలం గురించి అడుగుతారు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో పైన ఫ్యాను, పక్కన కూలర్, నడుముకి హీటింగ్ ప్యాడ్, చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. నవ్వనివ్వండి. నాకు ఎండకంటే ఆఫీసు ఏసీ ఎక్కువ పట్టేస్తుంది, మధ్యాహ్నానికి భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. ఒక వారం ఆఫీసుకి తీసుకెళ్ళాను, "ఏమైంది, ఏమైంది" అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పలేక మళ్ళీ ఇంటికే తెచ్చేశాను.

కొత్తది వచ్చి నాలుగు నెలలైంది, వెల్క్రో ఒక పక్క నూలు పోగులు పట్టి జారుతోంది, పిన్నీసు పెట్టలేం కదా కరెంటు వస్తువుకి, దుపట్టాతో కడుతున్నాను. కొనేవాళ్ళు దానంతటదే ఆగిపోయేది అయితేనే కొనండి, వైరు ఎన్ని మీటర్లో ముందే చూడండి, బిల్లు దాచండి. నక్షత్రాలు ఇవ్వాలంటే నా లెక్క మూడున్నర. సగం నక్షత్రం పెట్టనివ్వట్లేదు, మూడే పెట్టాను, ఆ సగం వైరు పొట్టిగా ఉన్నందుకు కోశాననుకోండి.