హోరు పోయింది, అతుకు వదిలింది: నా పోలోకు రెండు సైలెన్సర్ల అనుభవం

నా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారుకు అయిదేళ్ళలో రెండు సైలెన్సర్లు మార్చాను. మొదటిది పెట్టెలో వచ్చిన రెడీమేడ్ సెట్టు, దాన్ని రెండేళ్ళు వాడాను. రెండోది రాజమహేంద్రవరంలో కొలతలు తీయించి చేయించుకున్నది, మూడేళ్ళుగా బండికి ఉంది. రెండూ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే, రెండూ పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తరువాతే మొదలవుతాయి. కాబట్టి శక్తి ఎంత పెరిగిందని నన్ను అడగవద్దు; టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజనులోకి గాలిని నెట్టేది) ఉన్న బండిలో పొగకు ముఖ్యంగా అడ్డుపడేవి టర్బోను ఆనుకుని ఉండే పైపు, కన్వర్టరూను, వాటి జోలికి పోకుండా వెనక భాగం ఎన్ని రకాలుగా మార్చినా నా కాలికి తెలిసిన తేడా ఏమీ లేదు. నేను రాయదలచుకున్నది ఒక హోరు గురించి.

రెడీమేడ్ సెట్టు బిగింపుకు వంక పెట్టలేను. సైలెన్సరును వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు పాత చోటనే కూర్చున్నాయి, బోల్టు రంధ్రాలు అంగుళంలో పిసరు తేడా లేకుండా కలిశాయి, రెండు గంటల్లో పని ముగిసింది. మొదటి వారం ఊళ్ళో తిరిగినంతకాలం ఆ గొంతు వింటూ మురిసిపోయాను. తరువాత అమ్మను రాజోలు తీసుకువెళ్ళడానికి 216వ జాతీయ రహదారి ఎక్కాను. దారి ఖాళీగా దొరికినప్పుడు నేను నడిపే వేగం 85 నుంచి 95 కిలోమీటర్ల మధ్య, అంటే ఇంజను నిమిషానికి సుమారు 2,100 చుట్లు తిరిగే చోటు. సరిగ్గా అక్కడే క్యాబిన్ అంతా రైసుమిల్లు గోడకు చెవి ఆనించినట్టు మోగడం మొదలైంది. అమ్మ పది నిమిషాలు ఓర్చుకుని, "ఆ మిల్లు కాస్త ఆపరా నాన్నా" అంది. రెండేళ్ళపాటు ఆ మాట విన్నాను. పాట పెంచితే హోరు దాని కిందనుంచి వినిపించేది, వేగం తగ్గిస్తే వెనక రొయ్యల వ్యాను హారన్ మోగించేది.

రాజమహేంద్రవరంలోని ఆ పనివాడిని ఆశ్రయించింది ఈ హోరు వదిలించుకోవడం కోసమే. ఆయన చెప్పిన లెక్క ఇది: నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు పేలుళ్ళు, 2,100 చుట్లంటే సెకనుకు 70 పేలుళ్ళు, మన చెవిలో దూరే హోరు అదే. అసలు పైపుకు పక్కనుంచి, చివర మూసివేసిన ఒక కొమ్మ పైపు పెడితే, దాంట్లోకి వెళ్ళిన శబ్దం మూసిన చివర తగిలి సగం ఊపు ఆలస్యంగా తిరిగివచ్చి, వచ్చే శబ్దాన్ని చంపేస్తుంది. ఆ కొమ్మ పొడవు శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. మొదట నాలుగడుగులు పెట్టాడు, హోరు తగ్గిందే తప్ప పోలేదు. అది చల్లటి గాలికి వేసిన లెక్క; వేడి పొగలో శబ్దం ఇంకా వేగంగా పోతుంది గనుక తరంగం సాగుతుంది, కొమ్మా సాగాలి. ఒక పైపులో మరొకటి జారేట్టు పెట్టి, క్లాంపు బిగించి, బండి బాగా వేడెక్కాక హైవే మీద నడిపి, ఆగి, కొద్దికొద్దిగా లాగి, మళ్ళీ నడిపి, నాలుగడుగుల మీద తొమ్మిది అంగుళాల దగ్గర ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. హోరు లేదు. పెట్టెలో వచ్చే ఏ సరుకూ నా వేగాన్ని అడిగి తయారవదు కదా. ఆ నెలంతా కనబడ్డ ప్రతివాడికీ చేయించుకొమ్మనే చెప్పాను. ఆ సలహాను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

పదినెలలు గడిచాక, వానాకాలంలో ఒక రాత్రి, రాజోలు నుంచి తిరిగివస్తూ దిండి దాటి చించినాడ వంతెన ఎక్కుతుండగా కింద పెద్ద చప్పుడైంది. ఆ వెంటనే బండి పవర్ టిల్లరులా అరవసాగింది. దిగి చూస్తే నేను అంత మురిసిన కొమ్మ మొదట్లో వెల్డింగు చిట్లి, పైపు రోడ్డుకు ఆనుకుని వేలాడుతోంది. డిక్కీలో ఉన్న కొబ్బరి పీచు తాడుతో కట్టబోతే క్షణంలో పొగ లేచింది. వెనక ఆగిన రొయ్యల వ్యాను డ్రైవరు, "ఆయ్, తాడు కాలిపోద్దండి, ఉండండి, తీగ ఇత్తాను" అంటూ సెంట్రింగు తీగ తెచ్చి, తానే బండి కింద దూరి కట్టాడు. పగిలిన చోటు నుంచి పొగ లోపలికి వస్తే వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుందన్న భయంతో, ఆ వానలో నాలుగు అద్దాలూ దించి, అమ్మకు తువ్వాలు కప్పి పాలకొల్లు చేరాను.

తప్పు వెల్డింగుది మాత్రమే కాదు. దాదాపు అయిదడుగుల కొమ్మకు మొదట్లో అతుకు తప్ప వేరే ఆధారమే లేదు. ఇంజను అదురుకు చివర ఊగుతూ ఉంటే బరువంతా ఆ అతుకు మీదే పడింది. మర్నాడు ఊళ్ళో ట్రాక్టరు తొట్లు, చెరువు ఏరియేటర్ల స్టాండ్లు అతికే షాపులో మామూలు ఇనుప రాడ్డుతో అతికించాను. నిలిచింది, కానీ నాలుగు నెలల్లో ఆ అతుకు ఒక్కటే తుప్పు పట్టి పొరలు లేచింది. మా రోడ్ల మీద రొయ్యల వ్యాన్ల నుంచి కారే ఉప్పునీరు ఎప్పుడూ ఉండేదే. స్టెయిన్‌లెస్ పైపుకు స్టెయిన్‌లెస్ ఫిల్లరుతోనే (అతుకులో కరిగించే తీగ) ఆర్గాన్ వెల్డింగు చేయించాలని, పైపు లోపల కూడా గాలి తగలకుండా ఆ ఆర్గాన్ వాయువు నింపకపోతే అతుకు లోపలివైపు మాడి అక్కడినుంచే తినేస్తుందని ఆ తరువాత తెలుసుకున్నాను. రాజమహేంద్రవరం పనివాడు డబ్బు తీసుకోకుండా అలాగే మళ్ళీ అతికి, చివరకు రబ్బరుతో వేరే హ్యాంగరు పెట్టాడు. అది మొదటిరోజే పెట్టి ఉండవలసింది. ఏడాది దాటింది, గట్టిగానే ఉంది.

అందరికీ ఇదే మంచిదని అననుగాక అనను. నాకు ఆ పనివాడు రెండు గంటల దూరంలో ఉన్నాడు, రెండు రోజులు బండి వదిలే తీరిక ఉంది, రోజూ వెళ్ళేది ఒకే దారి, ఒకే వేగం. కంపెనీ సైలెన్సరును మాత్రం గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంచాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇటువంటి మార్పులను ఒప్పదు, శబ్దం హద్దు మీరితే 2019 సవరణ తరువాత 190(2) సెక్షన్ కింద పదివేల రూపాయల దాకా జరిమానా ఉంది. రెడీమేడ్‌దైనా చేయించుకున్నదైనా ఆ విషయంలో తేడా లేదు.

పాత రెడీమేడ్ సెట్టును హైదరాబాదులో ఇదే బండి ఉన్న మా బావమరిదికి ఇచ్చాను. అవుటర్ రింగురోడ్డు మీద 120లో, అంటే 2,700 చుట్ల దగ్గర నడుపుతాడు, హోరంటే ఏమిటని నన్నే ఎదురు అడిగాడు. మొన్న సంక్రాంతికి ఆ బండిలోనే వచ్చి, భీమవరం దాటినప్పటి నుంచీ ఒకటే మోత అంటూ, మర్నాడు అంతర్వేది వెళ్ళడానికి నా బండి తాళాలు తీసుకున్నాడు.