అమలాపురంలో బారసాల కార్డులు: పని బాగుంది, ప్రూఫ్ మాత్రం మీరే చూసుకోండి

మా మనవరాలి బారసాలకి అమలాపురంలో ఒక ప్రింటింగ్ షాపులో 150 కార్డులు, ఒక ఫ్లెక్సీ వేయించాను. షాపు పేరు రాయడం లేదు, కుర్రాడు మంచోడు. ఐదు స్టార్లకి మూడున్నర ఇస్తాను.

మా కోడలిది ఐర్లండ్‌లో గాల్వే. పాప పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్. పలికేది మాత్రం నీవ్. డీటీపీ కుర్రాడు మొదటి ప్రూఫ్‌లో ‘నియామ్’ అని కొట్టాడు. అతన్ని అనడానికి లేదు, నేనూ మూడు నెలలు అలాగే పిలిచాను. కాదు, నీవ్ అని చెబితే రెండో ప్రూఫ్‌లో నాకేదో సాయం చేసినట్టు ‘చి. నీవు బారసాల’ అని దిద్ది పంపాడు.

ఇక లాభం లేదని అంబాజీపేట నుంచి బండేసుకుని వెళ్ళి, కోడలు ఫోనులో చెప్పిందంతా అతనికి చెప్పాను. ఐరిష్‌లో ఎమ్ పక్కన హెచ్ వస్తే ‘మ’ మెత్తబడి ‘వ’ అవుతుంది. పాత లిపిలో ఎమ్ నెత్తిన చుక్క పెట్టేవారు. రోమన్ అచ్చుకి మారాక ఆ చుక్క పోయి పక్కన హెచ్ వచ్చింది. కుర్రాడు బుర్ర గోక్కుని, ‘మామయ్యని మావయ్య అన్నట్టాండీ?’ అన్నాడు. ఆయ్, అదే! కోడలు అరగంట చెప్పినా నాకు తట్టలేదు ఆ ముక్క. మూడున్నరలో ఆ అర స్టారు దానికే.

అర్థం అడిగితే వెలుగు అని చెప్పాను. అడక్కుండానే ఫ్లెక్సీ మీద దీపం కుందె బొమ్మ పెట్టాడు, బాగా కుదిరింది. ఐరిష్ వాళ్ళ పురాణంలో నీవ్ అనే ఆవిడ తెల్లగుర్రం మీద వచ్చి ఉషీన్ అనే వీరుణ్ణి ముసలితనం లేని దేశానికి తీసుకుపోతుంది. అక్కడ మూడేళ్ళు ఉన్నాననుకుని తిరిగొస్తే ఇక్కడ 300 ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. మావాడూ రెండేళ్ళనే వెళ్ళాడు లెండి, పదకొండేళ్ళయింది.

చివరికి దెబ్బ తిన్నది పెద్ద మనవడి పేరు దగ్గర. వాడు షాన్. ఇంగ్లీషులో ఎస్, ఈ, ఏ, ఎన్ రాసి ఏ మీద వాలుగీత పెట్టాలి. దాన్ని ఫాడా అంటారు, పొడుగు అని అర్థం, మన దీర్ఘమే. అది లేకపోతే ఐరిష్‌లో ఆ మాటకి అర్థం ‘ముసలి’. వాళ్ళ ఫాంటులో ఆ గీత ఎగిరిపోయింది, నేనూ చూసుకోలేదు. కార్డులన్నీ అచ్చయ్యాక కోడలు పట్టుకుంది. ఆహ్వానించువారిలో ముసలి అన్నయ్య!

కుర్రాడు రాత్రి పదింటి దాకా కూర్చుని నల్ల పెన్నుతో 150 కార్డులకీ దీర్ఘం పెట్టాడు. దానికి డబ్బు తీసుకోలేదు. నిగనిగలాడే కాగితం కదా, సిరా ఆరక ఓ పది కార్డులకి మరకయింది. అవి సొంతవాళ్ళకి పంచేశాను.